మెలకువగా ఉన్న తీరం

అండమాన్ అనగానే మనలో చాలామందికి సెల్యులర్ జైలు, నీలి సముద్రం, తెల్లని ఇసుక గుర్తుకు వస్తాయి. యాత్రా కంపెనీలవారు ఇచ్చే రంగుల కాగితాల్లోనూ ఇవే ఉంటాయి. గత జనవరిలో ఎల్.ఎఫ్.సి. మీద నేనూ మా ఆవిడా ఎనిమిది రోజులు ఆ దీవుల్లో తిరిగి వచ్చాము. జైలూ చూశాము, ఇసుకలోనూ నడిచాము. వాటి గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి నేను వేరే సంగతి రాయదలచుకున్నాను. ఆ దీవుల కింద నేల ఇంకా కదులుతూనే ఉంది. ఆ కదలికకూ, చెన్నై మొదలుకొని యానాం, గోపాల్‌పూర్, పూరీ దాకా సముద్రం ఒడ్డున స్థిరపడిన మన కుటుంబాలకూ దగ్గరి సంబంధం ఉన్నది.

నేను కామర్సు చదివినవాణ్ణి. భూగర్భశాస్త్రం నాకు ఏనాడూ పరీక్ష పాఠం కాదు. ప్రయాణానికి ముందు ఆసక్తి కొద్దీ కొంత చదువుకున్నాను. అక్కడికి వెళ్ళాక చదివినదంతా కళ్ళెదుట కనిపించింది. అది మన పాఠకులతో పంచుకోవాలనిపించింది.

రెండు రకాల తీరాలు

భూమి పైపెంకు ఒకే ముక్క కాదు. పెద్దవీ చిన్నవీ కొన్ని పలకలుగా విడిపోయి ఉన్నది. ఈ పలకలు కిందనున్న వేడి రాతి పొర మీద ఏటా కొన్ని సెంటీమీటర్ల చొప్పున జరుగుతూ ఉంటాయి. ఏడాదిలో మన గోరు పెరిగేది ఎంతో, ఇంచుమించు అంత. మనిషి జీవితంలో అది లెక్కకు రాదు. కోట్ల సంవత్సరాలలో మాత్రం ఖండాలనే అటూ ఇటూ మార్చేస్తుంది.

సుమారు 13 కోట్ల సంవత్సరాల క్రితం మన దేశపు తూర్పు అంచు అంటార్కిటికాతో కలిసి ఉండేది. ఆ తర్వాత నేల చీలి, చీలిక వెడల్పయి, మధ్యలోకి సముద్రం వచ్చింది. ఆ చీలిక అంచే నేటి మన తూర్పు తీరం. తూర్పు కనుమల రాళ్ళను పోలిన రాళ్ళు నేటికీ అంటార్కిటికాలో మంచు అంచున కనిపిస్తాయి. ఒకే పంచెను రెండుగా చింపితే అంచు రంగు రెండు ముక్కల్లోనూ ఉన్నట్లే ఇది.

ఈ పాత రాళ్ళతో మన ప్రవాసాంధ్రులకు బాగా పరిచయమే ఉంది. చెన్నైలో పల్లవరం గుట్ట రాయిని శాస్త్రజ్ఞులు చార్నొకైట్ అంటారు. కలకత్తాలో జాబ్ చార్నాక్ సమాధి మీద పరిచిన పలక ఈ జాతి రాయి కావటంతో ఆయన పేరే దానికి వచ్చింది. ఒరిస్సా కొండల్లో దొరికే ఖొండలైట్‌కు అక్కడి ఖోండు ప్రజల పేరు పెట్టారు. కోణార్క ఆలయం కట్టింది ఎక్కువగా ఆ రాతితోనే. బెంగుళూరు లాల్‌బాగ్ గుట్ట వయస్సు 300 కోట్ల సంవత్సరాలంటారు. ఇంత పాత నేల మీద మనం ఇళ్ళు కట్టుకుని ఉన్నాము.

చీలిపోయిన తర్వాత మన తూర్పు తీరం ఏ పలకకూ అంచు కాకుండా పోయింది. దాని ముందున్న బంగాళాఖాతపు అడుగు కూడా ఈ పలకలోని భాగమే. అందువల్ల ఇక్కడ పలకల మధ్య ఒరిపిడి లేదు. గోదావరి, కృష్ణ, మహానది తెచ్చిన మట్టి మేట వేసుకుంటూ డెల్టాలు పెంచుకుంటూ తీరం నెమ్మదిగా కాలం గడుపుతోంది. దీన్ని శాస్త్రంలో నిష్క్రియ తీరం అంటారు. పలక నిజంగా అంతమయ్యే చోట, ఇంకో పలకతో తలపడే చోట ఉన్న తీరాన్ని క్రియాశీల తీరం అంటారు. చిలీ, జపాన్, సుమత్రా అలాంటివి. ఈ మాటలు బరువుగా ఉన్నాయనిపిస్తే నిద్రపోయే తీరం, మెలకువగా ఉన్న తీరం అనుకోండి.

చెన్నై నుంచి గానీ విశాఖపట్నం నుంచి గానీ తూర్పుగా సుమారు 1,200 కిలోమీటర్లు వెళితే ఆ మెలకువగా ఉన్న తీరం వస్తుంది. అండమాన్ నికోబార్ దీవులు దాని మీదే ఉన్నాయి. అక్కడ మన పలక, అంటే మనమందరం కాలు మోపి ఉన్న ఈ పలకే, ఈశాన్య దిక్కుగా జరుగుతూ ఎదుటి పలక కిందికి దూరుతోంది. దూరే చోట సముద్రపు అడుగున పొడవాటి కందకం ఉంది. అది అండమాన్‌కు పడమటగా సాగి, సుమత్రా జావాల వెంట దక్షిణంగా వెళుతుంది.

గుమ్మం దగ్గర ఇసుక

పోర్ట్ బ్లెయిర్‌కు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. అక్కడి మనవాళ్ళు మాటల్లో ఇంకా పోర్ట్ బ్లెయిర్ అనే అంటున్నారు. నేనూ అలాగే రాస్తాను. ఊరికి దగ్గరలోనే కార్బిన్స్ కోవ్ అనే బీచి ఉంది. అందరూ నీళ్ళవైపు చూస్తూ ఫోటోలు తీసుకుంటారు. ఒడ్డునున్న రాళ్ళ దగ్గరికి కూడా ఒకసారి వెళ్ళి చూడండి. ఇసుకరాయి ఒక పొర, బంకమట్టి గట్టిపడిన రాయి ఒక పొర, మళ్ళీ ఇసుకరాయి. పొరలన్నీ పక్కకు ఒరిగి ఉంటాయి. పాత రికార్డు గదిలో బీరువా విరిగి లెడ్జర్లన్నీ ఒకదానిమీద ఒకటి వాలిపోయినట్లు నాకు కనిపించాయి.

ఆ పొరలు ఏర్పడింది ఒడ్డున కాదు. కోట్ల సంవత్సరాల క్రితం నదులు సముద్రంలోకి తెచ్చిన ఇసుకా బురదా లోతైన అడుగుకు జారి, పొరలుగా పేరుకున్నాయి. అవి నీటి పైకి ఎలా వచ్చాయి? ఇంట్లో ఒక ప్రయోగం చేసి చూడవచ్చు. ఇసుక పడిన చాపను మూసిన తలుపు కింది సందులోంచి అవతలికి లాగండి. చాప పోతుంది, ఇసుక పోదు. తలుపు దగ్గర ఆగి కుప్పపడుతుంది. మన పలక కిందికి దూరేటప్పుడు దాని వీపు మీది మట్టిలో కొంత అలాగే ఎదుటి పలక అంచు దగ్గర ఆగి, నలిగి, మడతలుపడి, పైకి లేచింది. ఆ కుప్ప శిఖరాలే అండమాన్ దీవులు. అక్కడక్కడ సముద్రపు అడుగు రాయి ముక్కలు కూడా ఆ కుప్పలో ఇరుక్కుని పైకి వచ్చాయి. అడవులతో, ఊళ్ళతో, పడవల రేవులతో ఉన్న ఆ దీవులు గుమ్మం దగ్గర ఆగిన ఇసుక అన్నమాట.

బారాటాంగ్ ప్రయాణం

మూడవ రోజు తెల్లవారక ముందే బయలుదేరి బారాటాంగ్ వెళ్ళాము. పోర్ట్ బ్లెయిర్‌కు ఉత్తరాన సుమారు 100 కిలోమీటర్ల దూరం. జిర్కాటాంగ్ తనిఖీ కేంద్రం దగ్గర బండ్లన్నిటినీ ఆపి, వేళ ప్రకారం ఒక వరుసగా, పోలీసు కాపలాతో వదులుతారు. అక్కడి నుంచి దారి జరవాల అడవి గుండా పోతుంది. ఆగకూడదు, ఫోటోలు తీయకూడదు, ఎవరికీ ఏమీ ఇవ్వకూడదు. ఈ నియమాలు మంచివి. అది వారి ఇల్లు, మనం దారినపోయేవాళ్ళం.

మిడిల్ స్ట్రెయిట్ దగ్గర బల్లకట్టు మీద బండ్లతో సహా జలసంధి దాటాము. ఆ తర్వాత చిన్న పడవలో మడ అడవుల మధ్యగా సున్నపురాతి గుహలకు వెళ్ళాము. సున్నపురాయి అంటే ఒకప్పటి సముద్ర జీవుల గుల్లలే. అవి ఇప్పుడు మన నెత్తిమీద కప్పుగా ఉండి, బొట్టుబొట్టుగా నీళ్ళు కారుస్తున్నాయి.

బారాటాంగ్‌లో అసలు వింత బురద అగ్నిపర్వతం. పేరు విని మా ఆవిడ చాలా ఊహించుకున్నది. కొంత దూరం నడిచి పైకి వెళితే కంచె కట్టిన జాగాలో బూడిదరంగు బురదగుంటలు, వాటిలో ఉండి ఉండి లేచే బుడగలు.

"ఇదేనా? మా అమ్మమ్మగారి పెరట్లో గేదెలు కూర్చునే గుంట దీనికంటే పెద్దది" అంది.

నిజమే. బురద వేడిగా కూడా ఉండదు. కాని ఆ బుడగ ఎక్కడి నుంచి వస్తోందో తెలిస్తే కాసేపు నిలబడి చూడాలనిపిస్తుంది. కిందికి నొక్కుకుపోయిన మట్టిలో ఒకనాటి చెట్టూచేమా, జీవరాశుల అవశేషాలు కుళ్ళి గ్యాసు పుడుతుంది. పైనున్న బరువుకూ పక్కల ఒత్తిడికీ మట్టిలోని నీరూ గ్యాసూ కలిసి బురదను తోసుకుంటూ పగుళ్ళ వెంట పైకి వస్తాయి. అంటే లోపల నొక్కుడు ఇంకా సాగుతోందనటానికి ఆ బుడగ సాక్ష్యం. ఈ మాట చెప్పాక మా ఆవిడ ఇంకో పది నిమిషాలు అక్కడే నిలబడింది.

బెల్లం పాకం

దేశంలో నిప్పు కక్కే అగ్నిపర్వతం ఒక్కటే ఉన్నది. అది బారెన్ ద్వీపం. పోర్ట్ బ్లెయిర్‌కు ఈశాన్యంగా సుమారు 135 కిలోమీటర్ల దూరంలో, సముద్రం మధ్య ఒంటరిగా ఉంటుంది. మూడు కిలోమీటర్ల అడ్డకొలత మాత్రమే ఉన్న దీవి. మనుషులు లేరు, మేకలు మాత్రం ఉన్నాయి. నీటి పైన కనిపించే ఎత్తు 350 మీటర్ల చిల్లరే అయినా అడుగు నుంచి కొలిస్తే రెండు కిలోమీటర్లకు పైగా లేచిన కొండ. 1787లో అది నిప్పు కక్కటం ఓడలవాళ్ళు చూసి రాసిపెట్టారు. 1832 తర్వాత 150 ఏళ్ళకు పైగా ఊరకున్నది. చల్లారిపోయిందనుకున్నారు. 1991లో మళ్ళీ రాజుకున్నది. ఆ తర్వాత 1994లో, 2005లో కూడా లావా వచ్చింది. 2017 జనవరిలో గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థవారు పరిశోధన ఓడ మీద వెళ్ళి బూడిద, రాత్రివేళ ఎర్రని లావా చిమ్మటం కళ్ళారా చూశారు. మాకు వెళ్ళే వీలు కుదరలేదు. దానికి ఉత్తరాన నార్కొండమ్ అనే మరో అగ్నిపర్వత ద్వీపం ఉంది. అది నిద్రలో ఉంది.

చల్లని సముద్రపు అడుగు కిందికి దిగితే నిప్పు ఎక్కడి నుంచి వస్తుంది అన్నది నాకు చాలాకాలం అర్థం కాలేదు. దాని రహస్యం నీటిలో ఉన్నది. సముద్రపు అడుగు రాళ్ళలో నీరు ఇమిడి ఉంటుంది. పలక సుమారు 100 కిలోమీటర్ల లోతుకు దిగేసరికి అక్కడి వేడికీ ఒత్తిడికీ ఆ నీరు రాళ్ళను వదలి పైనున్న వేడి రాతిలోకి పోతుంది. పొడిగా ఉన్నప్పుడు కరగని రాయి తడి తగలగానే కరుగుతుంది. పాకం పట్టేటప్పుడు మన ఆడవాళ్ళు బెల్లం మీద కాసిని నీళ్ళు చిలకరిస్తారు చూడండి, ఇంచుమించు అలాంటిదే. కరిగిన రాయి తేలిక కాబట్టి పైకి దారి చేసుకుంటుంది. అందుకే అగ్నిపర్వతాలు కందకం పక్కనే ఉండవు. పలక అంత లోతుకు దిగిన చోటికి సరిగ్గా పైన వరుసగా ఉంటాయి. పడమట కందకం, తర్వాత మట్టి కుప్పగా లేచిన అండమాన్ దీవులు, ఆ తూర్పున అగ్నిపర్వతాల వరుస. ఈ మూడు వరుసలు గుర్తుంచుకుంటే సుమత్రా, జావా, జపాన్ పటాలు కూడా చదవటం వస్తుంది.

ఇంకా తూర్పున అండమాన్ సముద్రపు అడుగు సుమారు 40 లక్షల ఏళ్ళుగా చీలి విచ్చుకుంటోంది. ఆ విచ్చుకోవటంతో ముడిపడిన పగులే ఉత్తరాన మయన్మార్ నేల మీదుగా పొడుగునా పోతుంది. 2025 మార్చి 28న మండలే ప్రాంతాన్ని కూల్చిన భూకంపం ఆ పగులు మీదే వచ్చింది.

వసూలైన బాకీ

పలక దూరటం నూనె పూసినట్లు సాఫీగా జరగదు. రెండు పలకలూ ఒకదాన్నొకటి పట్టుకుని బిగుసుకుపోతాయి. అయినా మన పలక నెట్టడం ఆపదు. జరగవలసిన జరుగుడు ప్రతి ఏడూ బాకీగా మిగులుతుంది. ఏడాదికి 3 సెంటీమీటర్లే అనుకుందాం. 500 సంవత్సరాలకు ఆ బాకీ 15 మీటర్లు అవుతుంది. మా బ్యాంకుల్లో పాతబడిన బాకీని రద్దు చేసే పద్ధతి ఉన్నది. భూమికి అది లేదు. మధ్యమధ్య కొంత వసూలు చేసుకుంటుంది. 1881 డిసెంబరు 31న కార్ నికోబార్ దగ్గర వచ్చిన భూకంపానికి లేచిన అలలు బంగాళాఖాతం చుట్టూ ఉన్న రేవుల కొలబద్దల్లో నమోదయ్యాయి. 1941 జూన్ 26 భూకంపానికి సెల్యులర్ జైలు దెబ్బతింది. ఎదుటనున్న రాస్ ద్వీపంలోని ప్రభుత్వ కార్యస్థానం అక్కడి నుంచి తరలిపోయింది.

పెద్ద వసూలు 2004 డిసెంబరు 26, ఆదివారం ఉదయం 6 గంటల 29 నిమిషాలకు మొదలయింది. ఉత్తర సుమత్రా దగ్గర మొదలైన చీలిక సుమారు 1,300 కిలోమీటర్ల పొడవున అండమాన్ దాకా పాకింది. మొత్తం పాకటానికి పది నిమిషాల లోపే పట్టింది. తీవ్రత 9.1. సుమత్రా వైపు పలక 15 మీటర్లకు మించి ఒక్కసారిగా జరిగింది.

పోర్ట్ బ్లెయిర్ నుంచి దక్షిణంగా వెళ్ళే దారిలో సిప్పీఘాట్ ఉంది. అక్కడ ఒకప్పటి పొలాల్లో ఉప్పునీళ్ళు నిలిచి ఉంటాయి. మా ఆటో అబ్బాయి పేరు అడగలేదు గానీ ఊరు అడిగాను. తండ్రి శ్రీకాకుళం జిల్లా నుంచి ఓడ ఎక్కి కూలిపనికి వచ్చి అక్కడే ఉండిపోయాడట. అండమాన్‌లో ఇలాంటి తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. అతడు పుట్టింది అక్కడే అయినా మాట మాత్రం తండ్రి ఊరిదే.

"నాకప్పుడు పదేళ్ళు బాబూ. ఇల్లు ఊయల్లాగ ఊగీసింది. మా నాయిన మమ్మల్ని రెక్క పట్టి బయటికి లాగీసినాడు. తరవాత నీళ్ళొచ్చీసినాయి. పోటు నీళ్ళే గదా, సాయంకాలానికి దిగిపోతాయనుకున్నాం. దిగనేదు."

ఎందుకు దిగలేదంటే అక్కడ నీళ్ళు పెరగలేదు, నేలే దిగిపోయింది. పోర్ట్ బ్లెయిర్ ప్రాంతం సుమారు ఒక మీటరు కుంగింది. ఒక మీటరు అంటే మన నడుము ఎత్తు. వరిచేను ఉప్పుచెరువు కావటానికి అది చాలు. ఉత్తర అండమాన్ పడమటి ఒడ్డున దీనికి విరుద్ధంగా నేల మీటరుకు పైగా లేచింది. నీటి అడుగున ఉండవలసిన పగడపు దిబ్బలు బయటపడి ఎండకు చచ్చిపోయాయి. కొమ్మను వంచి ఒక్కసారి వదిలితే ఒక భాగం లేచి ఒక భాగం దిగినట్లు, వందల ఏళ్ళుగా వంగి ఉన్న పలక అంచు తేరుకుంటూ కొన్ని చోట్లను ఎత్తి, కొన్నిటిని ముంచింది. దేశపు దక్షిణపు కొస అయిన ఇందిరా పాయింట్ 4 మీటర్లకు పైగా కుంగింది. గట్టున కట్టిన లైట్‌హౌసు పాదాలు సముద్రంలోకి పోయాయి.

ఒకే రోజున ఒకే కారణంతో ఒకరి ఒడ్డు పెరిగింది, ఒకరి పొలం మునిగింది. పట్టాలు, సర్వే నెంబర్లు కాగితం మీద అలాగే ఉన్నాయి. ఈ సంగతి భూమి తాకట్టు మీద అప్పులిచ్చే ఉద్యోగంలో ఉన్నవాణ్ణి కనుక నన్ను ఎక్కువగా తాకిందేమో.

నిద్రపోయే తీరానికి వచ్చిన అల

ఇక మన సంగతి. ఆ ఉదయం చెన్నైలో మేడల మీద ఉన్నవారిలో కొందరికి కాస్త ఊగినట్లు తెలిసింది. మిగతా తీరం పొడుగునా చాలామందికి ఏమీ తెలియలేదు. ఆదివారం కదా, పిల్లలు ఇసుకలో ఆడుకుంటున్నారు, జాలరులు వలలు సర్దుకుంటున్నారు. లోతు నీళ్ళలో సునామీ అల విమానంతో సమానంగా, గంటకు 700 కిలోమీటర్లకు మించిన వేగంతో వస్తుంది. సుమారు రెండున్నర గంటలకు, తొమ్మిది ప్రాంతాన, మన ఒడ్డుకు చేరింది. మనదేశంలో 10,000 మందికి పైగా చనిపోయారు. 5,000 మందికి పైగా జాడ తెలియలేదు. అన్ని దేశాలూ కలిపి 2 లక్షల 20 వేలకు పైగా ప్రాణాలు పోయాయి. మనదేశంలో అందరికంటే ఎక్కువ నష్టపోయింది నాగపట్నం జిల్లా.

2005 మొదట్లో నన్ను ఆఫీసు పని మీద ఆ ప్రాంతానికి పంపారు. పడవలకు, వలలకు ఇచ్చిన అప్పుల పరిస్థితి చూసి రాయాలి. జాబితాలో పేరు, పడవ, బాకీ అన్నీ ఉన్నాయి. ఒడ్డున పడవ ముక్కలు ఉన్నాయి. కొన్ని పేర్లకు పలికే మనిషి లేడు. ఒక ఇంట్లో ముసలమ్మ మా జాబితాలో కొడుకు పేరు ఉందని విని, "వాడి పేరు ఇంకోసారి చదవండి" అని అడిగింది. మేము చదివాము.

అప్పటి నుంచి నాకు ఒక ప్రశ్న ఉండేది. రెండున్నర గంటలు ఉండగా ఇంతమంది ఎందుకు పోయారు? అండమాన్ వెళ్ళి వచ్చాక జవాబు స్పష్టంగా అర్థమయింది. మెలకువగా ఉన్న తీరంలో నేలే హెచ్చరిక. నిలబడలేనంతగా, నిమిషాల తరబడి ఊగితే ఇక ఎవరూ చెప్పనక్కరలేదు. లిటిల్ అండమాన్‌లోని ఓంగేలు నేల కదలగానే మెరకకు వెళ్ళిపోయి ప్రాణాలు దక్కించుకున్నారు. అది తరతరాలుగా పెద్దలు చెప్పుకుంటూ వచ్చిన తెలివి. మనది నిద్రపోయే తీరం కనుక నేల ఏమీ చెప్పదు. ఆపద 1,200 కిలోమీటర్ల అవతల పుడుతుంది, ఇక్కడికి చప్పుడు లేకుండా వస్తుంది. మన తాతముత్తాతలకు తుఫాను తెలుసు, ఉప్పెన తెలుసు. సునామీకి మన భాషలో మాటే లేదు, జపాను మాటనే వాడుకుంటున్నాము.

అందుకే మనకు నేల బదులు ఇంకొకరు చెప్పాలి. ఆ పని ఇప్పుడు హైదరాబాదు నుంచి జరుగుతోంది. అక్కడి ప్రగతినగర్‌లో ఉన్న ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థలో 2007 అక్టోబరు నుంచి సునామీ హెచ్చరిక కేంద్రం పనిచేస్తోంది. సముద్రానికి అంత దూరాన, దక్కను రాళ్ళ మీద కూర్చుని, రాత్రింబవళ్ళు సముద్రాన్ని కనిపెడుతున్నారు. భూకంపం రాగానే ఎక్కడ, ఎంత లోతున, ఎంత తీవ్రత అన్నది కొద్ది నిమిషాల్లో లెక్క కడతారు. సముద్రపు అడుగున ఉంచిన పీడన యంత్రాలు, రేవుల్లోని కొలబద్దలు నిజంగా అల లేచిందో లేదో చెబుతాయి. ప్రమాదం ఎవరికో వారికే హెచ్చరిక పంపుతారు.

2012 ఏప్రిల్ 11న సుమత్రాకు దూరంగా 8.6 తీవ్రతతో భూకంపం వచ్చింది. బుధవారం, మధ్యాహ్నం రెండు దాటింది. చెన్నైలో మా శాఖలో ఫ్యాన్లు ఊగాయి, అందరమూ రోడ్డు మీదికి వచ్చేశాము. క్యాషియరుగారు మాత్రం పెట్టెకు తాళం వేసి గాని కదలలేదు. ఆ రోజు హెచ్చరిక వచ్చింది, సాయంత్రానికి ఉపసంహరించారు. సముద్రపు అడుగు పైకీ కిందికీ కాక పక్కవాటుగా జరగటం వల్ల నీరు పెద్దగా లేవలేదు. అల రాకపోయినా హెచ్చరిక రావటం ఎంత ధైర్యమో తీరంలో ఉన్నవారికి తెలుసు.

యంత్రం చెప్పినా వినే మనిషి కావాలి. ఈ విషయంలో ఒరిస్సాలోని మన పాఠకులు గర్వించదగిన సంగతి ఒకటి ఉన్నది. 2020లో యునెస్కోవారి సముద్ర విజ్ఞాన సంఘం సునామీకి సిద్ధంగా ఉన్న గ్రామాలుగా మనదేశంలో మొట్టమొదట గుర్తించిన రెండు ఊళ్ళూ ఒరిస్సావే. ఒకటి గంజాం జిల్లాలోని వెంకట్రాయిపూర్, రెండవది జగత్సింగ్‌పూర్ జిల్లాలోని నోలియాసాహి. గంజాం, పూరీ తీరాల్లోని నోలియాలు తెలుగు మాట్లాడే జాలరులని మనకు తెలిసిందే. దారి చూపే బోర్డులు, ఎటు పరుగెత్తాలో తెలిపే పటాలు, అలవాటు కోసం కసరత్తులు అక్కడ ఉన్నాయి.

మిగతా మన ఊళ్ళలో ఈ పని ఇంట్లోనే మొదలుపెట్టవచ్చు. పిల్లలకు నాలుగు మాటలు చెబితే చాలు. సముద్రం ఉన్నట్టుండి వెనక్కి పోతే గవ్వలు ఏరటానికి వెళ్ళవద్దు. ముందు వెనక్కి పోవాలన్న నియమమేమీ లేదు, మామూలు గీత దాటి ముందుకే వచ్చినా అనుమానించాలి. మొదటి అల తగ్గింది కదా అని తిరిగి ఒడ్డుకు వెళ్ళవద్దు, తర్వాతి అల పెద్దది కావచ్చు, ప్రమాదం గంటల తరబడి ఉంటుంది. మెరక దూరమైతే గట్టి మేడ రెండవ మూడవ అంతస్తు ఎక్కాలి. ఇక దీవులకు యాత్ర వెళ్ళినప్పుడు నేల గట్టిగా ఊగితే ఎవరి పిలుపు కోసమూ ఆగకుండా మెరకకు పోవాలి.

అండమాన్ వెళ్ళదలచినవారికి డిసెంబరు నుంచి మార్చి దాకా అనుకూలంగా ఉంటుంది. చెన్నై నుంచి విమానంలో రెండు గంటల పైచిలుకు. తీరిక ఉన్నవారు చెన్నై లేదా విశాఖ నుంచి ఓడలో వెళ్ళవచ్చు, ఇంచుమించు మూడు రోజులు పడుతుంది. పెద్దవాళ్ళుంటే బారాటాంగ్ నడక, పడవ కాస్త శ్రమే. జైలు చూడండి, అల్లూరి సీతారామరాజుగారి అనుచరుల్లో కొందరు అక్కడ శిక్ష అనుభవించారని పిల్లలకు చెప్పండి. ఆ మర్నాడు ఒక గంట కార్బిన్స్ కోవ్ రాళ్ళ దగ్గర, ఒక గంట సిప్పీఘాట్ నీళ్ళ దగ్గర ఆగండి. వీటికి టిక్కెట్టు లేదు, బోర్డు కూడా ఉండకపోవచ్చు. ఆటో నడిపేది మనవాడే అయితే తెలుగులో అడగండి, ఆ నీళ్ళ కింద ఎవరి చేను ఉన్నదో అతడే చెబుతాడు.